ఈస్టరు నాడు నేను చెప్పిన సాక్ష్యం

"నీళ్ళు కాగినాయా?" అని అడిగాడు నా మొగుడు.

"కాగనీలే. ఏం తొందర, పెండ్లికి పోవల్లా నువ్వు?" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందర కూర్చున్నాను. వానకు కట్టెలు తడిసిపోయి ఉన్నాయి. ఎంత ఊదినా పొగ తప్ప మంట రాలేదు. చివరికి నీళ్ళు కాగి, చెంబు పట్టుకొని ముందు గదిలోకి వచ్చేసరికి ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నా మాటకు నవ్వుకున్నాడో, నొచ్చుకున్నాడో నాకు తెలియదు. అంటూనే నేను వీపు తిప్పేశాను.

కరుణా, ఇది ఇట్లాగే రాయి. నన్ను మంచిదాన్ని చేసి రాయవద్దు.

నా పేరు సాలమ్మ. తమిళనాడులోని ధర్మపురిలో ఉంటాను. నా మొగుడు దానియేలు మేస్త్రి. ఆయన పరంజా మీద నిలబడి గోడ కడుతుంటే నేను కింద సిమెంటు కలిపి తట్టలు అందించేదాన్ని. మా పెళ్ళయినప్పటి నుంచి మా పని అదే. నాకు చదువు రాదు. సంతకం పెట్టడం, బస్సు మీది నంబరు గుర్తు పట్టడం, అంతవరకే. రాస్తున్న కరుణ నా మరిది డేవిడు పెళ్ళాం. కుప్పం వైపు పిల్ల, తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివింది. మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం అందరం ఉన్నాం కానీ రాయడం వచ్చింది ఆమె ఒక్కదానికే. ఇక్కడ ఉన్నవన్నీ అరవ బడులు.

ఇది ఎందుకు రాయిస్తున్నానో ముందే చెప్తాను. పోయిన వారం మా పెంటకుప్పలో కోడి గెలుకుతుంటే కరుణకు ఎర్ర మాత్రలు కనబడ్డాయి. అవి డేవిడు మాత్రలు. వాళ్ళ అన్నకు వచ్చిన టీబీ జబ్బే ఈ ఏడు వాడికీ వచ్చింది. రెండు నెలలు అంగన్‌వాడీ టీచరు కళ్ళ ముందర మింగాడు. దగ్గు పోయింది, ఒళ్ళు వచ్చింది. ఆ తర్వాతి నాలుగు నెలల మాత్రలు వారానికి ఒక అట్ట చొప్పున ఇస్తారు. ఒకరోజు అక్కడే మింగి, మిగతావి ఇంట్లో మింగి, ఖాళీ అట్ట తీసుకుపోయి చూపించాలి. వీడు ఇంట్లో మింగాల్సినవి ఒలిచి పెంటలో పారేసి, అట్ట మాత్రం చూపిస్తున్నాడు. వచ్చే ఆదివారం ప్రార్థనలో లేచి నిలబడి, దేవుడు నన్ను బాగు చేశాడని సాక్ష్యం చెప్తానంటున్నాడు.

మా ప్రార్థన మందిరంలో పాటలు అయిపోయాక, పాస్టరయ్య వాక్యం చెప్పే ముందు, దేవుడి వల్ల మేలు పొందినవాళ్ళు లేచి ఆ మేలు అందరికీ చెప్పవచ్చు. దాన్నే సాక్ష్యం అంటాం. ఒకసారి సాక్ష్యం చెప్పినవాడు మళ్ళీ వెనక్కి పోకూడదు. అట్లా ఎవరూ రాసిపెట్టలేదు, కానీ మాకందరికీ అట్లాగే ఉంటుంది. నేను కూడా చెప్పాను ఒకసారి. అది నా మొగుణ్ణి మింగింది. లేచి నిలబడితే నా నోరు నా మాట వినదు. అందుకే ఈసారి కూర్చొని, కాగితం మీదికి చెప్తున్నాను. ఆదివారం డేవిడు సాక్ష్యానికి లేవక ముందే దీన్ని కరుణ అక్కడ చదవాలని నా కోరిక.

సునామీ వచ్చిన క్రిస్మస్ అది. సముద్రం మాకు ఎక్కడో దూరం, అయినా ఆ వారం ప్రార్థనలో అందరూ ఏడ్చారు. ఆ ఏడుపుల మధ్య నా మొగుడు దగ్గుతున్నాడు. పొడి దగ్గు, మొదలైతే ఆగదు. ముందు వరసలోవాళ్ళు తిరిగి చూస్తుంటే నాకు సిగ్గేసి ఆయన తొడ గిల్లాను.

"ఆపుకోయ్యా, జనం చూస్తా ఉండారు."

"ఆగితే ఆపనా మే?" అన్నాడు, కండ్లల్లో నీళ్ళు తిరుగుతుంటే.

సిమెంటు దుమ్ము అనుకున్నాం. బెల్లం తినిపించాను, మిరియాల కషాయం తాగించాను. జనవరి అయిపోయేసరికి చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడింది ఆయన మీద. సాయంత్రమైతే జ్వరం. అప్పుడు పెన్నాగరం నుంచి ఆయన అక్క మునెమ్మ వచ్చింది. మేం బాప్తీస్మం తీసుకున్నప్పటి నుంచి మా ఇంటి గడప తొక్కని మనిషి. తమ్ముణ్ణి చూసి గుండె పగిలినా, నోరు మాత్రం తగ్గలేదు.

"దేవుణ్ణి మార్చినారు గదా, అట్లే ఈ దగ్గును గూడా మార్చమనండి మీ కొత్త దేవుణ్ణి," అనింది.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. జబ్బు కంటే ఆ ముల్లే ఎక్కువ నొప్పి పెట్టింది. ఇప్పుడు ఆలోచిస్తే చెడు అక్కడే మొదలైంది.

పెద్దాసుపత్రిలో మూడు పొద్దులు కూర్చున్నాం. పొద్దునే లేచి దగ్గిన తెమడను చిన్న డబ్బాలో పట్టి తేవాలి. బెంచీల మీద అందరి చేతుల్లోనూ అవే డబ్బాలు. ఒకరు కొంగు కింద, ఒకరు పేపరు చుట్టి, ఒకరు టిఫిన్ సంచిలో దాచిపెట్టుకొని కూర్చున్నారు. ఎవరూ ఎవరి మొహం చూడరు. మొరప్పూర్ నుంచి వచ్చిన ఒక ముసలాయన మాత్రం లేచి, కిటికీ పక్కన తన చోటు మా ఆయనకు ఇచ్చాడు. "ఇక్కడ కూర్చో నాయనా, గాలి తగులుతుంది" అని తమిళంలో అన్నాడు. తనకు గాలి అక్కర లేనట్టు పోయి గోడవార నిలబడ్డాడు. ఆ మనిషి పేరు కూడా అడగలేదు.

టీబీ అని చెప్పిన రోజు నడుచుకుంటూ ఇంటికి వస్తున్నాం. దారిలో మేం కట్టిన మేడ ఒకటి ఉంది. ఆయన ఆగి, దాని గోడ మీద అరచేయి పెట్టి ఇట్లా పైకీ కిందకీ రాశాడు, ఎద్దు వీపు నిమిరినట్టు.

"చూడు మే, ఎక్కడైనా ఎగుడు దిగుడు ఉండాదా?"

"ఎండ మండతా ఉండాది, రావయ్యా," అన్నాను.

సోమవారం, బుధవారం, శుక్రవారం మాత్రలు. మా వీధి చివర అంగన్‌వాడీలో ఆయన పేరు రాసిన అట్టపెట్టె పెట్టారు. ఒక్కసారికి ఏడు మాత్రలు. పనికి పోయే ముందు అక్కడికి పోయి, చిన్నపిల్లల చాప మీద కూర్చొని, టీచరు ముందర ఒక్కొక్కటిగా మింగాలి. ఆ పిల్లలు అరవంలో లెక్కపెట్టేవాళ్ళట. ఒణ్ణు, రెండు, మూణు అని ఏడుదాకా. ఏడోది మింగాక చప్పట్లు కొట్టేవాళ్ళట.

"ఒకసారి వచ్చి చూడు మే," అనేవాడు ఇంటికొచ్చి. "నేను పెద్ద మాత్ర మింగలేక కండ్లు తేలేస్తే ఒక పాప తన నీళ్ళ గ్లాసు నాకిస్తా ఉండాది. రాణిలాగుంటుంది."

"నాకు పని లేదా?" అనేదాన్ని. రెండు నెలల్లో ఒక్కసారి కూడా పోలేదు. ఇంటి నుంచి అంగన్‌వాడీకి నూరు అడుగులు ఉండవు.

మొదటి రోజుల్లో ఒంటికి పోతే మూత్రం ఎర్రగా వచ్చేది. ఆ మాత్రలు అట్లాంటివే అని టీచరు ముందే చెప్పింది. నేను భయపడుతుంటే ఆయన నవ్వాడు. "లోపల సున్నం కొట్టడం అయిపోయింది, ఇప్పుడు రంగేస్తా ఉండారు" అన్నాడు. మేస్త్రికి మేస్త్రి మాటలే వస్తాయి.

ఈస్టరుకు రెండు వారాల ముందర దగ్గు ఆగిపోయింది. దగ్గు ఆగిన ఇంట్లో ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. పొద్దున లేచి ఆ నిశ్శబ్దం విని సంతోషపడ్డాను. ఇప్పుడు ఎవరి ఇంట్లోనైనా దగ్గు ఆగిందంటే నా గుండె దడదడ అంటుంది.

ఈస్టరుకు మునెమ్మను నేనే పిలిచాను. తమ్ముడు బాగయ్యాడు, వచ్చి చూసిపో అని కబురు పంపాను. నా మనసులో ఏముందో నాకు తెలుసు. ఆమె వచ్చి వెనక వరసలో కొంగు నెత్తిన వేసుకోకుండా కూర్చుంది. పాటలు అయ్యాయి. పాస్టరయ్య, సాక్ష్యాలు ఉంటే చెప్పండి అన్నాడు. నా మొగుడు లేవలేదు. నేను లేచాను.

చచ్చేవాడికి నా దేవుడు ఊపిరి పోశాడని చెప్పాను. అంతవరకు నిజమే. ఆ తర్వాత మునెమ్మ వైపు చూశాను. చూడగానే నోరు పెద్దదయింది. "మాత్రలు ఏం చేస్తాయి? నా ప్రభువు ముట్టినాడు, జబ్బు వేర్లతో సహా పోయింది. ఇంక ఏ మాత్రా అక్కర లేదు మాకు," అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు, హల్లెలూయా అన్నారు. వెనక వరసలో మునెమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది. గెలిచాను అనుకున్నాను.

మా ఇంట్లో అన్నం తిన్న మునెమ్మను బస్సెక్కించి వచ్చాక, ఆయన చెప్పులు విడుస్తూ అడిగాడు.

"ఏం మే, అట్ల చెప్పేసినావు? ఇంకా నాలుగు నెలల మాత్రలుండాయి గదా."

"అయితే వచ్చే ఆదివారం లేచి చెప్పు, నా పెండ్లాం అబద్ధాలకోరు అని."

"అట్ల అంటినా నేను?"

"మీ అక్క ఏడ్చింది చూసినావా లేదా? రేపు నువ్వు పోయి మాత్రలు మింగతా ఉంటే ఎవురో ఒకరు ఆమెకు చెప్పరా? అప్పుడు ఏమంటుంది? వీళ్ళ దేవుడూ అబద్ధం, వీళ్ళూ అబద్ధం అనదా?"

మర్నాడు సోమవారం, ఆయన మాత్రలకు పోలేదు. గొడవంటే భయం ఆయనకు. నా గొంతంటే ఇంకా భయం.

పాస్టరయ్య మందులు ఆపమని ఏనాడూ చెప్పలేదు. అది స్పష్టంగా రాయి కరుణా. "మాత్రల కోర్సు అయిందా అమ్మా?" అని తనే అడిగాడు. "అయిపోయింది అయ్యా," అన్నాను. అంగన్‌వాడీ టీచరుకు, మేం బెంగుళూరు పనికి పోతున్నాం, మిగతా మాత్రలు అక్కడే తీసుకుంటాం అని చెప్పాను. ఆమె నమ్మి కాగితం రాసిచ్చింది. ఆ కాగితాన్ని మడిచి ట్రంకు పెట్టెలో చీరల అడుగున పెట్టాను. మేం ఎక్కడికీ పోలేదు. పొద్దునే ఆమె రాక ముందే పనికి పోయేవాళ్ళం. ఒకసారి రేషన్ అంగడి దగ్గర ఆమె ఎదురుపడితే మొగుడూ పెళ్ళాం ఇద్దరం కిరసనాయిలు డ్రమ్ము వెనక దాక్కున్నాం. ఆయనకు నవ్వొచ్చింది. నాకు కోపమొచ్చింది.

మునెమ్మ ప్రతి ఆదివారం పెన్నాగరం నుంచి బస్సెక్కి రావడం మొదలుపెట్టింది. తమ్ముడి కోసం తీర్థమలై కొండకు మొక్కుకొని కట్టిన ముడుపును కూడా విప్పేసిందని తెలిసింది. దాంతో మేం ఇంకా బిగుసుకుపోయాం. ఒక ఆత్మ దేవుడి దగ్గరికి వస్తోంది, మధ్యలో మాత్రల పెట్టె కనబడకూడదు. అట్లా అనుకున్నాను. దేవుడి పరువు కాపాడేది నేనే అన్నట్టు.

ఎండాకాలమంతా ఆయన బాగున్నాడు. అదే నాకు ఇప్పుడు తలచుకుంటే వణుకు పుట్టిస్తుంది. బుగ్గలు నిండాయి. సంగటి రెండు ముద్దలు తినేవాడు. మామిడికాయ కోసి ఉప్పూ కారం అద్ది నాకు ఒక ముక్క తీసిపెట్టేవాడు. ఆ ముక్క చాలాసార్లు అట్లాగే వాడిపోయేది, ఎందుకంటే నేను ఇంట్లో ఉండేదాన్ని కాదు. నా సాక్ష్యం పేరుబడింది. ఈ ఊరు, ఆ ఊరు, ప్రార్థన కూటాలకు నన్ను పిలిచేవాళ్ళు. ఆదివారం మందిరం నుంచి అట్లాగే బస్సెక్కి పోయేదాన్ని, ఆయన బతికాడని జనానికి చెప్పడానికి. బతికున్న మనిషి ఇంట్లో మూత పెట్టిన అన్నం ఒక్కడే తినేవాడు.

ఆషాఢంలో, ఇక్కడివాళ్ళ ఆడి నెలలో, గాలి మొదలయ్యాక ఒకరోజు, సిమెంటు సంచుల చాటున ఆయన వంగి ఉండడం చూశాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, చప్పుడు మాత్రం రావడం లేదు. ఖాళీ సంచిని నోట్లో కుక్కుకొని దగ్గుతున్నాడు. నేను చూడనట్టు పక్కకు పోయాను. ఆయన కూడా నేను చూడలేదనుకున్నట్టు వచ్చి తాపీ అందుకున్నాడు. ఇద్దరం ఒకే అబద్ధాన్ని చెరొక కొన పట్టుకొని మోశాం. ఆదివారాలు ఇంకా ఘోరం. మునెమ్మ పక్కన ఉంటుంది కదా, ఆయన ప్రార్థన అయ్యేదాకా దగ్గును అణచిపెట్టుకొని కూర్చునేవాడు. మొహం నల్లబడేది, మెడ నరాలు ఉబ్బేవి. ఆమెన్ అనగానే బయటికి పరుగెత్తేవాడు.

"తమ్ముడు యాల అట్ల ఉరుకతా ఉండాడు?" అని అడిగింది మునెమ్మ.

"చెప్పులు ఎవురన్నా వేసుకొని పోతారని," అన్నాను. అంత సులువుగా వచ్చింది నాకు అబద్ధం.

తర్వాత ఒకరోజు కొత్త గోడకు పూత వేస్తున్నాం. పైన ఆయన, కింద నేను. దగ్గు వచ్చింది. సంచి అందుకునే సమయం లేకపోయింది. పచ్చి పూత మీద రక్తం చిందింది. గుప్పెడంత ఎరుపు. ఆయన కిందికి నా వైపు చూశాడు. నేను పైకి చూస్తున్నాను. తట్టలోంచి సిమెంటు తీసి ఆ ఎరుపు మీద వేసి, తాపీతో నున్నగా రుద్దేశాడు. ఆ ఇల్లు ఇంకా ఉంది. ఆ గదిలో ఎవరో కాపురం చేస్తున్నారు. గోడకు దేవుడి పటం తగిలించారో, క్యాలెండరు తగిలించారో.

రక్తం పడిన మర్నాడు మళ్ళీ పెద్దాసుపత్రికి పోయాం. అక్కడ డాక్టరమ్మ, మాత్రలు ఎందుకు ఆపావు అని గట్టిగా అడిగింది. ఆయన నా వైపు చూడలేదు. "పనికి పోయినానమ్మా, కుదరలేదు," అన్నాడు. మధ్యలో ఆపితే జబ్బు మొండిదవుతుందని, ఈసారి మందుకు లొంగడం కష్టమని ఆమె చెప్పింది. సూదులు కూడా రాసింది. రోజూ సూది వేయించాను. మాత్రలు ఆపిన సంగతి మాత్రం మునెమ్మకు తెలియనీయలేదు. కానీ ఒళ్ళు అప్పటికే తిండిని తీసుకోవడం మానేసింది. దీపావళి వానలు ఆ ఏడు విడవకుండా పడ్డాయి. ఇంట్లో గోడలు చెమర్చాయి. ఆయన గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి అందదు. నేను పక్కన కూర్చొని దేవుణ్ణి అద్భుతం అడిగేదాన్ని. మామూలు మాట ఒకటి ఆయనతో మాట్లాడదామని తోచలేదు. ఆయన పోయిన ఉదయం సంగతి మొదటే చెప్పేశాను. మళ్ళీ చెప్పలేను.

సమాధి చేసి వచ్చిన నెలకు నాకు దగ్గు మొదలైంది.

ఎవరికీ చెప్పలేదు. చావాలని ఉండింది. చింతపండు గింజలు తీసే కూలీకి పోయి, ఆ గుంపులో నోటికి గుడ్డ కట్టుకొని కూర్చొనేదాన్ని. ఒక ఆదివారం మందిరానికి పోలేదు. రెండో ఆదివారం కూడా పోకపోతే మునెమ్మ ఇంటికి వచ్చింది. నన్ను చూసింది, చెయ్యి పట్టుకొని ఆసుపత్రికి ఈడ్చుకుపోయింది. అవే బెంచీలు, అవే డబ్బాలు. టీబీ అన్నారు.

ఆ రోజు ఇంట్లో నేను ఆమె కాళ్ళ మీద పడి అంతా చెప్పేశాను. ఈస్టరు అబద్ధం, బెంగుళూరు అబద్ధం, చెప్పుల అబద్ధం. నీ కోసమే దాచినాం వదినా, నీ నమ్మకం పోతుందని, అన్నాను.

మునెమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. తర్వాత చాలా మెల్లగా అనింది.

"నేను నీ సాక్ష్యం విని రాలేదు మే."

"మరి?"

"ఆ పొద్దు మీ ఇంట్లో కూడు తినేటప్పుడు వాడు నవ్వినాడు. ఎముక నోట్లో పెట్టుకొని, చిన్నప్పుడు నన్ను ఎగతాళి చేసినట్ల చేసి నవ్వినాడు. మా అమ్మ పోయినాక వాడు అట్ల నవ్వింది నేను చూడలేదు. వీణ్ణి ఇట్ల నవ్విచ్చే చోటు ఏదో అది మంచి చోటే అనుకున్నా. వాడి పక్కన కూర్చుందామని వస్తా ఉంటిని. అంతే."

"అయితే మాత్రలు మింగతా ఉండాడని తెలిసుంటే..."

"నేనే నీళ్ళ చెంబు ఇచ్చుందును గదే, పాపిష్టిదానా."

నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. లేచి పోయి గంజి కాచింది.

నా ఆరు నెలల మాత్రలూ ఆమె కావలి కాసింది. పెన్నాగరం ఇల్లు కొడుకుకు అప్పజెప్పి మా ఇంట్లోనే మకాం పెట్టింది. అంగన్‌వాడీకి తనే తీసుకుపోయేది. టీచరు నన్ను చూసింది. బెంగుళూరు నుంచి ఎప్పుడొచ్చారు అని అడగవచ్చు. అడగలేదు. చాప దులిపి పరిచి, కూర్చోమని చెయ్యి చూపించింది. నేను మింగుతుంటే పిల్లలు లెక్కపెట్టారు. ఏడోదానికి చప్పట్లు కొట్టారు. అప్పుడు ఏడ్చాను, అక్కడే, అంత చిన్నపిల్లల ముందర. నా మొగుడు రమ్మని పిలిచింది దీనికే. వచ్చి పక్కన కూర్చొని ఒణ్ణు, రెండు అని ఉంటే ఏం పోయేది నాది?

ఇంట్లో మింగే మాత్రలు వచ్చాక మునెమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మింగినావా? నోరు తెరువు. నాలిక ఎత్తు. ఆ పక్క చూపించు."

"నేనేమన్నా దొంగనా వదినా?"

"కాదా మరి?"

అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన పోయాక ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. దగ్గు రాగానే ఇద్దరం ఒకేసారి ఆపేసి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇప్పటికీ అంతే. నా మాత్రలు అన్నీ అయిపోయాయి, జబ్బు లేదన్నారు. అయినా గొంతులో గరగర అంటే చాలు, చేతిలో పని ఆగిపోతుంది.

ఒకటి చెప్తాను, ప్రార్థనకు వచ్చేవాళ్ళందరూ వినాలి. మన బతుకు ఎంత చిన్నదో వాక్యంలో విన్నాం, పాటల్లో పాడాం. విని, పాడి, మళ్ళీ పెద్ద అద్భుతం కోసమే ఎదురు చూస్తాం. లేచి నిలబడి చెప్పుకోదగ్గది ఒకటి జరిగితే తప్ప దేవుడు ఏమీ చేయలేదనుకుంటాం. ఈ పొద్దు నా మొగుడు రెండు ముద్దలు తిన్నాడు అని ఎవరూ సాక్ష్యం చెప్పరు. మామిడి ముక్కకు ఉప్పు అద్ది పెట్టాడు అని ఎవరూ లేవరు. ప్రభువు నాకు ఇచ్చింది అదే. రోజూ ఇచ్చాడు, నా గుమ్మంలో పెట్టి పోయాడు. నేను దాన్ని దాటుకొని బస్సెక్కి పోయాను. ఆ మాత్రలు కూడా ఆయన ఇచ్చినవే. సోమవారం, బుధవారం, శుక్రవారం, పిల్లల చప్పట్లతో సహా. మెరుపూ ఉరుమూ లేవని నేను వద్దన్నాను. దేవుడు నన్ను క్షమించాడు, ఆ నమ్మకం ఉంది నాకు. నా మొగుడు పరలోకంలో ఉన్నాడు, ఆ నమ్మకమూ ఉంది. కానీ నా పక్కన లేడు. ఇక్కడి రోజులు మళ్ళీ ఇవ్వడు దేవుడు.

ఇంక డేవిడు సంగతి. నిన్న నేను వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

"మాత్రలు పెంటలో ఎవురు వేసినారు?"

వాడు కరుణ వైపు ఉరిమి చూశాడు. తర్వాత నవ్వేశాడు. "వదినా, చూడు నన్ను. నిన్న రెండో అంతస్తుకు ఇటికలు మోసినా. ఇంగ ఏం జబ్బు?"

"మీ అన్న కూడా మోసినాడు."

"నీకు విశ్వాసం తగ్గిపోయిండాది."

"తగ్గలేదు నాయనా. నాకు నోరు తగ్గింది, అంతే."

అప్పుడు వాడి మొహం మారిపోయింది. తల దించుకొని అన్నాడు. "నీకేం తెలుసు వదినా? టీ అంగట్లో నా గ్లాసు వేరేగా పెడతా ఉండారు. పనిలో నీళ్ళ కుండ ముట్టనీరు. ఆదివారం లేచి చెప్పేస్తే, ఇంగ ఎవురూ ఆ మాట ఎత్తరు. నాకు బాగైపోయింది అని ఒక్కసారి అందరి ముందర చెప్పుకోవల్ల. అంతే నాకు కావల్సింది."

వాడు అడిగింది తప్పు కాదు. నేను మునెమ్మ నోరు మూయించడానికి లేచాను, వీడు ఊరి నోరు మూయించడానికి లేస్తున్నాడు. అదే మందిరం, అదే చోటు. వాడి బుగ్గలు కూడా నిండాయి. రెండు రోజులుగా, ఇది కరుణ కూడా విన్నది, పొద్దున మొహం కడిగేటప్పుడు గొంతు సవరించుకుంటున్నాడు. చిన్నగానే.

డేవిడూ, టీ అంగట్లో గ్లాసు వేరే పెట్టనీ. మన ఇంట్లో నీ గ్లాసులోనే నేను తాగుతాను. ఇంకా రెండు నెలలు. ఆఖరి అట్ట అయిపోయేదాకా రోజు తప్పకుండా మింగు. నోరు తెరిచి చూపించు నాకు, నవ్వుకో, తిట్టుకో. అయిపోయిన రోజు ఇద్దరం కలిసి లేద్దాం మందిరంలో.

వాడు పని నుంచి వచ్చినట్టున్నాడు. తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు. ఆదివారం దాకా ఎందుకు ఆగాలి? చాలు కరుణా, రాసింది చాలు. ఏడవకు, అక్షరాలు తడుస్తాయి. అన్నం పెట్టి కూర్చోబెట్టు వాణ్ణి. పెట్టి, మొదటి మాట నుంచి నాకు చదివి వినిపించు తల్లీ. నేను అబద్ధం చెప్పానని నీకు తోచినచోట ఆగి అడుగు. వాడి ముందర నోరు పెగలకపోతే వాడి వైపు చూడవద్దు. నా మొహం చూసి చదువు. నాకొక్కదానికే చదువుతున్నట్టు చదువు.